మెట్రిక్ రెండుసార్లు తప్పిన మనవాడు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. మన బడిలో చదివి పెద్దవాళ్ళయిన వారి గురించి రాస్తానని వాళ్ళు అనుకుని ఉంటారు. అలాంటి వ్యాసాలు ఈ సంచికలో ఎలాగూ ఉంటాయి. నేను మన బడి గడప తొక్కని ఒకాయన గురించి రాస్తాను. ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం పాఠం చెప్పినంత కాలం ఆయన కథ చెప్పకుండా నేను ఏ సంవత్సరమూ దాటించలేదు. నా దగ్గర చదువుకున్నవాళ్ళకి ఈపాటికి పేరు తెలిసే ఉంటుంది. యల్లాప్రగడ సుబ్బారావు గారు.

నా ఉద్యోగం చివరి ఏళ్ళలో బడిలో బోదకాలు మాత్రలు పంచేవాళ్ళం. ఆ రోజు మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టేవాళ్ళం. పరగడుపున వేయకూడదు, చేతికిచ్చి పంపకూడదు, మన కళ్ళెదుటే మింగించాలి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకి రెండు, ఆపైన వాళ్ళకి మూడు. మాత్ర వేసుకుంటే జ్వరం వస్తుందని ఊళ్ళో పుకారు లేచేది. ఒంట్లో ఆ పురుగు పిల్లలు ఉన్నవాళ్ళకి అవి చచ్చేటప్పుడు కాస్త జ్వరం తగలడం నిజమే. అంచేత ముందు మాస్టర్లం మింగి చూపించి, తర్వాత పిల్లలకిచ్చేవాళ్ళం. వాళ్ళు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని మొహం చిట్లిస్తుంటే నేను కథ మొదలుపెట్టేవాణ్ణి. ఒరేయ్, ఈ మాత్రని లోకానికి ఇచ్చినాయన మన భీమవరంలో పుట్టాడర్రా, మెట్రిక్ రెండుసార్లు తప్పాడర్రా అనేవాణ్ణి. తప్పాడనగానే వెనక వరసలో తలలు లేచేవి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవిన్యూలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానం. తండ్రికి ఆరోగ్యం సరిగ్గా లేక ఉద్యోగం ముందుగానే మానుకోవలసి వచ్చింది. ఆ కాలంలో అలాంటి ఇంట్లో రోజు గడవడం ఎలా ఉంటుందో మన ముందు తరం వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

పదమూడేళ్ళ వయసులో ఆ కుర్రవాడు ఇల్లు వదిలి కాశీ బయలుదేరాడు. భక్తి కోసం కాదు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని. తల్లి ఊరుకోలేదు, వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదివించింది. పరీక్ష తప్పాడు. మళ్ళీ రాయించింది. మళ్ళీ తప్పాడు. ఈలోగా తండ్రి పోయారు. ఇంట్లో మగదిక్కు తగ్గాక, రెండుసార్లు తప్పినవాణ్ణి ఏదో ఒక గుమాస్తా పనిలో పెట్టడమే ఎవరైనా చేసే పని. వెంకమ్మ గారు అలా చేయలేదు. తన మంగళసూత్రాల బంగారం కూడా అమ్మి ఆ పిల్లవాణ్ణి చదువుకు మద్రాసు పంపిందని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. అక్కడ తిరువల్లిక్కేణి హిందూ హైస్కూల్లో చదివి, మూడోసారికి మెట్రిక్ గట్టెక్కాడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం మీదకు పోయింది. సన్యాసం పుచ్చుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనిదే మఠం వాళ్ళూ చేర్చుకోలేదు. సేవ చేయాలని ఉంటే వైద్యం చదివినా సేవే కదా అన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. ఆవిడ తండ్రి కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు అల్లుడి చదువుకు చాలా మటుకు ఆదుకున్నారు.

గాంధీ గారి పిలుపు అందుకుని ఆయన ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్ళారు. శస్త్రచికిత్స చెప్పే తెల్ల దొరకి అది గిట్టలేదు. మిగతా సబ్జెక్టుల్లో బాగానే చేసినా చివరికి చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటే తక్కువ లెక్కలో ఉండే ఎల్.ఎం.ఎస్. ఆ కాగితంతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు.

ఇక్కడి దాకా చెప్పి పిల్లల్ని ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ఇంతవరకూ ఈయన నెగ్గింది ఏమైనా ఉందా అని. లేదండీ అనేవాళ్ళు. అసలు దెబ్బ ఇంకా తగలలేదు అని చెప్పేవాణ్ణి.

ఆ దెబ్బ పేరు గ్రహణి. ఇంగ్లీషు వైద్యంలో ట్రాపికల్ స్ప్రూ అంటారు. తిన్నది పేగులకి పట్టదు. విరేచనాలు తగ్గవు. నాలుక పుండులా ఎర్రబడుతుంది. ఒంట్లో రక్తం పలచబడి మనిషి చూస్తుండగానే కరిగిపోతాడు. అప్పటికి దానికి మందు లేదు. ఆ జబ్బుతో ఆయన సోదరులిద్దరు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. ఒకరి పన్నెండో రోజు రాకముందే రెండో శవం లేచిన ఇల్లు అది. వైద్యం చదువు ఉంది, ఇంట్లో రోగులున్నారు, చేయగలిగింది మాత్రం ఏమీ లేదు. ఆ తర్వాత అదే జబ్బు ఆయనకీ పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు ఆయుర్వేద మందులిచ్చి ఆయన్ని బతికించారు. ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే తర్వాత ఆయన శరీరశాస్త్రం చెప్పే పనిలో చేరారు.

వేరేవాళ్ళయితే బతికి బయటపడ్డాం చాలనుకుంటారు. ఆయనకి మాత్రం తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిందేమిటో, తనని బతికించిందేమిటో తెలియాలనిపించింది. మద్రాసు వచ్చిన ఒక అమెరికా వైద్యుడు అక్కడికి వచ్చి చదువుకోమని ప్రోత్సహించాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఉష్ణమండల వ్యాధుల చదువులో సీటు ఇచ్చింది కానీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మిగతాది మామగారు పోగుచేశారు. చదువు ముగించుకుని వస్తానని భార్యకి చెప్పి ఆయన ఓడ ఎక్కారు.

బోస్టన్‌లో దిగాక తెలిసింది, అక్కడి చలికి మన డబ్బు రెండు నెలలకి కూడా చాలదని. మన దేశపు డాక్టరు చదువు అక్కడ వైద్యం చేయడానికి పనికిరాదు. అంచేత ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనికి కుదిరారు. రోగుల మంచాల కిందనుంచి మలమూత్రాల పాత్రలు తీసి కడిగే పని. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆ పని. 1924లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేతికొచ్చింది. తర్వాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర చేరారు.

1925లో ఆ ఇద్దరూ కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ద్రవం నీలం రంగుకి తిరుగుతుంది, ఆ నీలం చిక్కదనాన్ని బట్టి లెక్క. జీవరసాయనం చదివిన మన పూర్వ విద్యార్థులు ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అనే పేరు లేబొరేటరీ రికార్డుల్లో రాసే ఉంటారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏ.టి.పి.ని పట్టుకోగలిగారు. ఏ.టి.పి.ని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. మన ఒంట్లో ప్రతి కణమూ ఖర్చుపెట్టే చిల్లర డబ్బు ఏ.టి.పి. అని తొమ్మిదో తరగతిలో చెప్పేవాణ్ణి. ఆ చిల్లరని మొట్టమొదట లెక్కపెట్టిన చేతుల్లో మన గోదావరి చెయ్యి ఒకటి.

1930లో పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డ్‌లో పదవి మాత్రం పెరగలేదు. చివరికి 1940లో ఆ విశ్వవిద్యాలయం వదిలి, న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల సంస్థలో పూర్తికాలం చేరారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధన అంతటికీ అధిపతి అయ్యారు. అప్పటికి ఆయన వయసు నలభై అయిదు దాటింది. ఇంకా ఎనిమిదేళ్ళే ఆయుష్షు ఉంది. మనం ఇవాళ ఆయన పేరు తలుచుకునే మందులన్నీ ఆ ఎనిమిదేళ్ళలోనివే.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణీల్లో కనిపించే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు అంతకు పదిహేనేళ్ళ ముందే గమనించింది. ఆ సారంలో ఉన్నదేమిటో ఎవరికీ తెలియదు. కాలేయంలోనూ, ఆకుకూరల్లోనూ అదే ఉంది. సుబ్బారావు గారి బృందం దాన్ని విడదీసి, దాని నిర్మాణం తేల్చి, 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసింది. ఇచ్చి చూస్తే గ్రహణి రోగుల్లో రక్తం పట్టింది, నాలుక పుండ్లు మానాయి. అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న పాతిక సంవత్సరాలకి ఆ జబ్బుకి మందు ఆయన ప్రయోగశాలలోనే దొరికింది. ఇవాళ మన ఆడపిల్లలకి బడిలో ఇచ్చే ఐరన్ మాత్రలోనూ, ప్రతి గర్భిణీకి ఇచ్చే మాత్రలోనూ ఉన్నది అదే.

రెండోది హెట్రజాన్. 1947లో వచ్చింది. పసిఫిక్ దీవుల్లో యుద్ధం చేసిన అమెరికా సైనికులకి బోదకాలు పురుగు పట్టడంతో ఆ దేశానికి ఆ జబ్బు గుర్తొచ్చింది. మన గోదావరి జిల్లాలకి తరతరాలుగా అది తెలిసిన జబ్బే. నేను వరండాలో పంచిన మాత్ర ఇదే.

మూడోది అమినోటెరిన్. ఫోలిక్ ఆమ్లానికి కవలలా ఉండి దాని పనికి అడ్డం పడే పదార్థం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు కేన్సరు వచ్చిన పసిపిల్లలకి దీన్ని ఇచ్చాడు. పదహారు మందిలో పదిమందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 ముందు ఆ జబ్బు వచ్చిన పిల్లల విషయంలో ఆ మాట అన్నవాళ్ళే లేరు. దీని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ కేన్సరుకీ, కీళ్ళవాతానికీ కూడా వాడుతున్నారు. మన పూర్వ విద్యార్థుల్లో ఆ మాత్ర వారానికొకసారి వేసుకునేవాళ్ళు నాకు తెలిసి ఇద్దరున్నారు.

నాలుగోది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొట్టమొదటిది. డెబ్భై దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, సుబ్బారావు గారి ఆధ్వర్యంలో, మట్టి నమూనాల్లో వెతికి దీన్ని పట్టాడు. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఉష్ణమండల గ్రహణికి ఇవాళ్టికీ వైద్యులు రాసేవి ముఖ్యంగా రెండే. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండోది టెట్రాసైక్లిన్ జాతి మందు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిందీ, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందుని ఇచ్చిందీ ఆయన నడిపిన ప్రయోగశాలే. ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, నిద్రలో గుండె ఆగి ఆయన పోయారు. యాభై మూడేళ్ళు.

అన్నేళ్ళు అక్కడున్నా ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. కలిసి పనిచేసినవాళ్ళని ముందుకు తోసి తాను వెనక నిలబడే మనిషి కావడంతో బతికుండగా పేరు అంతగా బయటికి రాలేదు. ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతికి, 1995లో, మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

ఈ కథ ఇక్కడితో ముగించి, చూశారా, పరీక్ష తప్పితే ఏమీ కాదు, మనిషి నిలబడాలి అని నీతి చెప్పడం నాకు అలవాటు. ఒక ఏడాది మాత్రల రోజున తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఒకతె లేచి నిలబడింది. చదువు ముగించుకుని వస్తానని భార్యకి చెప్పి వెళ్ళారు కదా మాస్టారూ, వచ్చారా అని అడిగింది. రాలేదమ్మా అన్నాను. మరి ఆవిడేమయింది అంది. నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న కథలో ఆవిడ పేరు కూడా నేను ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి ఆయన జీవితం మళ్ళీ చదివాను. ఈసారి శేషగిరి గారి వైపు నుంచి చదివాను. పెళ్ళయిన కొద్ది సంవత్సరాలకే భర్త ఓడ ఎక్కాడు. ఆయన వెళ్ళాక కొడుకు పుట్టాడు. ఏడాది నిండకముందే ఆ బిడ్డ జబ్బుచేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడనేలేదు. పసివాళ్ళ జబ్బులకి మందు పనికొచ్చిన వార్త ఆ ప్రయోగశాలకి చేరిన రోజున ఆయనకి ఏమనిపించిందో నేను రాయలేను. భర్త మళ్ళీ ఆమె గడపలో అడుగు పెట్టలేదు. డబ్బు చాలక ముందు రాలేదు, పరిశోధన మధ్యలో వదలలేక తర్వాత రాలేదు, యుద్ధం వల్ల ఆ తర్వాతా రాలేదు. కారణాలన్నీ న్యాయంగానే కనిపిస్తాయి. ఎదురుచూపు మాత్రం ఆవిడది. చివరికి వచ్చింది ఆయన పోయాడన్న కబురు. ఆయన్ని గొప్పవాడు కాదని అనడానికి నాకు నోరు రాదు. కానీ ఆయన నిలబడడానికి ఎవరి భుజాలు వంగాయో చెప్పకుండా కథ చెప్పడం సగం కథే.

ఇంకో విషయం కూడా ఆ రాత్రే గుర్తొచ్చింది. నేనూ పదో తరగతి లెక్కల్లో తప్పాను. నా ఈడు వాళ్ళకి తెలుసు. అప్పుడు మన బడి వరండాలోనే మా సైన్సు మాస్టారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ సుబ్బారావు గారి కథ చెప్పారు. సెప్టెంబరు పరీక్షకి కట్టి గట్టెక్కాను. ఆ మూడు నెలలు భీమవరంలో ట్యూషనుకి డబ్బు ఎక్కడిదని నేను అడగలేదు. ఆ ఎండాకాలం నుంచి మా అమ్మ చెవులకి కమ్మలు లేవు. రంధ్రాలు పూడిపోకుండా చీపురు పుల్లలు పెట్టుకుని తిరిగేది. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది దాకా ఆ పుల్లలే. నేను రోజూ చూశాను. చూసి కూడా, పిల్లలకి నా కథ చెప్పినప్పుడల్లా మాస్టారి మాట చెప్పాను, నా పట్టుదల చెప్పాను. ఆ పుల్లల సంగతి చెప్పలేదు.

మర్నాడు ఆ తరగతికి వెళ్ళి, నిన్నటి ప్రశ్నకి జవాబు అని చెప్పి, వెంకమ్మ గారి గురించీ శేషగిరి గారి గురించీ గంట కొట్టేదాకా చెప్పాను. మా అమ్మ గురించి కూడా. ఆ అమ్మాయి ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా ఉంది. ఏటా మన బడికి మాత్రల డబ్బా పట్టుకుని వచ్చేది తనే.

ఈ సంచిక తిరగేసేటప్పుడు మనమంతా మన ఫోటోలు, మన హోదాలు చూసుకుంటాం. తప్పులేదు. మనల్ని ఈ బడికి పంపడానికి ఇంట్లో ఏమేం అమ్ముడుపోయాయో, ఎవరు చదువు మానుకున్నారో, ఎవరు ఎదురుచూస్తూ ఉండిపోయారో కూడా ఒకసారి లెక్క చూసుకుందాం. వాళ్ళలో ఇంకా మన మధ్య ఉన్నవాళ్ళని స్వర్ణోత్సవం రోజున తీసుకురండి. ముందు వరస కుర్చీలు వాళ్ళకి వదిలేద్దామని కమిటీకి చెప్పాను, ఒప్పుకున్నారు.